సూది చెప్పని అంకె

"ఆరు కాయిల్స్. ఒక్కోదానికి నాలుగంకెలు. వోల్టులు, ఆంపియర్లు, ఓములు, వాట్లు. అన్నీ నేనే కూర్చుని కాలిక్యులేటర్ మీద కొట్టి చూశాను. ఒక్కటంటే ఒక్కటి తప్పు లేదు మరదలా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, రిజిస్టరు నా ముందుకి తోస్తూ.

ఇన్‌స్పెక్టరంటే మా అక్క మొగుడు. ఇద్దరం ఒకే ఏడాది ఒకే పరీక్ష రాశాం. ఆయన ప్యాసయ్యాడు, నాకు మూడు మార్కులు తగ్గాయి. ఆయనకి యూనిఫారం వచ్చింది, జీపు వచ్చింది, మా అక్క వచ్చింది, పేపర్లో ఫొటోలు వచ్చాయి. నేను కరెంటాఫీసులో పదకొండేళ్లు మీటర్లు పరీక్ష చేసి, విసుగొచ్చి మానేసి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఇంటికి వెళ్తే అక్క ఇప్పటికీ, "మీ బావని చూసి నేర్చుకోవే," అంటుంది. దీన్ని అసూయ అని మర్యాదగా ఎందుకనాలి, కడుపుమంట. దాచుకునే వయసు కూడా దాటిపోయింది.

గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. మేమున్నది హీటరు కాయిల్స్ చుట్టే షాపులో. దాని యజమానిని అందరూ మీటరాయన అంటారు. మొన్న మధ్యాహ్నం ఆయన ఇదే గదిలో, ముందు బెంచి దగ్గర, షాకు కొట్టి చనిపోయాడు. పోలీసు డాక్టరు లెక్క ప్రకారం మూడింటికీ నాలుగింటికీ మధ్య. నాలుగింటికి శవాన్ని ముందుగా చూసింది చిన్నల్లుడు. చూసిన పాపానికి ఇప్పుడు లాకప్పులో ఉన్నాడు. ఐదింటికి అతన్ని కోర్టుకి తీసుకెళ్తారు. ఒకసారి కేసు కాగితాల మీదకి ఎక్కిందంటే, లోపలికెళ్లినవాడు ఎన్నేళ్లకి బయటికొస్తాడో ఎవరూ చెప్పలేరు. అతని పెళ్లాం, అంటే మీటరాయన చిన్నకూతురు, పొద్దున నా ఆఫీసుకొచ్చి ఏడవకుండా కూర్చుంది. "మా ఆయన తీగ చుట్టడంలో తొందరపడతాడేమో గానీ, మా నాన్న మీద చెయ్యెత్తడు," అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది. ఏడిచేవాళ్ల కంటే ఏడవనివాళ్లని చూస్తే నాకు భయం.

"బావా, మీ వాదన ఒకసారి చెప్పండి. ముక్కలు ముక్కలుగా కాదు, మొదటినుంచీ," అన్నాను.

"ఇందులో వాదనేముంది? బెంచి ఇనప చట్రానికి ఉండాల్సిన భూమి తీగ, అదే ఎర్తు వైరు, తెగిపోయింది. కోసింది చిన్నల్లుడి కట్టింగ్ ప్లేయరు. అది బెంచి కిందే దొరికింది. చట్రానికి కరెంటొచ్చింది, ముసలాయన తగిలాడు, పోయాడు. పోయిన నెలే ఈ బెంచిని చిన్నల్లుడికి అప్పగించాడట. ఇప్పుడు ఈయన పోతే షాపు మొత్తం తనదేగా."

"బెంచి దక్కినవాడు ఎందుకు చంపుతాడు? దక్కనివాడు కదా మండేది?"

"దక్కనివాడు పెద్దల్లుడు. వాడు ఆ టైములో వెనక గదిలో రెండో టేబులు మీద కాయిల్స్ పరీక్ష చేస్తున్నాడు. మూడుంబావు నించి నాలుక్కి పది నిమిషాల ముందు దాకా ఆరు కాయిల్స్. ఇదిగో రిజిస్టరు. పైన ఇంట్లో వాడి భార్యకి కాయిల్ కాలేటప్పుడు వచ్చే గుయ్‌మనే చప్పుడు వినపడుతూనే ఉందట. ఇంకేం కావాలి?"

ఆ ఆరు వరసలూ చూశాను. మొదటిది 230 వోల్టులు, 5 ఆంపియర్లు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే 46 ఓములు, అది తీగ రెసిస్టెన్సు. రెండిటినీ గుణిస్తే 1150 వాట్లు, అది తీగ తినే పవరు. మూడోది 230, 4.9, భాగిస్తే 46.9, గుణిస్తే 1127. ఐదోది 230, 5.1, 45.1, 1173. నిజంగానే ఒక్కటీ తప్పు లేదు. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని లెక్కలు చేసిన అమ్మాయి నోటుబుక్కు ఇలాగే ఉండేది. ఆ అమ్మాయి నా పేపరు చూసే రాసేదని తర్వాత తెలిసింది.

"లెక్క తప్పులేదని అంత సంబరపడుతున్నారు కానీ, లెక్క ఒప్పయితే పరీక్ష జరిగినట్టేనా బావా?"

"అయ్యిందా? ఇక నీ సొంత కవిత్వం మొదలు," అని ఆయన కానిస్టేబుల్ వైపు చూసి కన్ను గీటాడు. కానిస్టేబుల్ నవ్వాడు. నేను నవ్వలేదు.

ముందు బెంచి చూడటానికి వెళ్లాను. నడుమెత్తున ఇనప చట్రం, దాని మీద చెక్క పలక, పలక మీద వోల్టు మీటరు, ఆంపు మీటరు. పలక నించి రెండు లావుపాటి తీగలు బయటికొస్తాయి. వాటి కొసలు ఒలిచి ఉన్నాయి. బెంచి ముందు నేల మీద రబ్బరు చాప. పెద్ద స్విచ్చి మాత్రం బెంచి మీద లేదు. ఆరడుగుల దూరంలో, మేడ మెట్ల తలుపు పక్కన గోడకుంది.

"స్విచ్చి అంత దూరంలో ఎందుకు పెట్టారు?" అని పెద్దల్లుడిని అడిగాను. అతను అప్పటిదాకా చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నుంచున్నాడు. నలభై దాటినవాడు, వేళ్ల కొసలన్నీ తీగ గీరి నల్లబడిపోయాయి.

"మామయ్య పెట్టిన పద్ధతండి. ఇక్కడ ఒకరు కట్టాలి, అక్కడ ఒకరు వెయ్యాలి. కట్టినవాడు వెనక్కి జరిగి రెండు చేతులూ పైకెత్తి చూపించేదాకా స్విచ్చి ముట్టుకోకూడదు. తనొక్కరే ఉన్నా సరే, చేతులెత్తి తనకి తనే చూపించుకుని అప్పుడు వెళ్లి వేసేవారు. మేం నవ్వుకునేవాళ్లం."

"తీగలు కట్టేటప్పుడు ఏం చేసేవారు?"

"మేమైతే ప్లేయరుతో కొస వంచుతాం. మామయ్య మాత్రం వేలికే చుట్టేవారండి. ఒలిచిన కొసని ఈ చూపుడువేలికి రెండు చుట్లు బిగించి, ఇంకో చేతికి రెండోది కూడా అలాగే చుట్టి, రెండూ ఒకే కొలతకి వచ్చాయో లేదో చూసి, అప్పుడు తీసి కాయిల్ మరలకి తొడిగేవారు. రెండు చేతులకీ ఉంగరాలు పెట్టుకుని నుంచుంటే పెళ్లికొడుకులా ఉన్నారని అనేవాళ్లం."

నా సంచిలో డాక్టరు రిపోర్టు నకలుంది. రెండు చూపుడువేళ్ల చుట్టూ ఉంగరంలాగా కాలిన గుర్తులు, అరికాళ్లకి ఏమీ లేదు. చట్రం తగిలి పోయినవాడికి కరెంటు కాళ్లలోంచి నేలకి దిగాలి. రబ్బరు చాప మీద నుంచున్నవాడికి అదీ కష్టమే. మీటరాయనకి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, గుండె మీదుగా వెళ్లింది. తీగలు ఆయన వేళ్లకి చుట్టి ఉండగా, ఆయన చేతులెత్తకముందే, ఎవరో ఆ గోడ దగ్గర స్విచ్చి వేశారు. తెగిన భూమి తీగా, ప్లేయరూ తర్వాత పెట్టిన అలంకారాలు.

ఇదంతా బావకి చెప్పాను. "కాలిన మచ్చకి ఆకారమేమిటి," అని కొట్టిపారేశాడు. కానీ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నేను చూడట్లేదనుకుని, 'ఉంగరం' అని రాసుకున్నాడు. రేపు ఆ మాట పేపర్లో ఆయన నోటి నుంచి వస్తుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలోనే వంగి బెంచి వెనక చెయ్యి పెట్టాను. వార్నిషు డబ్బాలకీ గోడకీ మధ్య ఏదో అట్ట తగిలింది. లాగితే ముందు బెంచి రిజిస్టరు. పోలీసులు వెనక గది రిజిస్టరు దొరకగానే పండగ చేసుకుని, దీని సంగతే మర్చిపోయారు. చివరి పేజీలో మీటరాయన చేతిరాత, వణుకుతున్నా స్పష్టంగా ఉంది. చివరి వరస చదివి, పుస్తకం మూసి, సంచిలో వేసుకున్నాను. బావకి చూపించలేదు. చూపించాల్సిందే. కానీ ఎప్పుడు చూపించాలో నేను ఎంచుకోవాలనుకున్నాను.

మెట్ల తలుపు తెరుచుకుని పెద్దకూతురు కిందికొచ్చింది. చెల్లెలి కంటే పదేళ్లు పెద్దదిలా ఉంది. నిజానికి మూడేళ్లేనట. అక్కలు తొందరగా పెద్దవాళ్లవుతారని మా అక్క అంటూంటుంది, నా మీద విసురుగా.

"మొన్న మూడింటి నుంచి నాలుగింటి దాకా మీరెక్కడున్నారు?"

"పైన. కాయిల్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా ఆయన వెనక టేబులు మీద పని చేస్తున్నారనుకున్నాను. ఇవన్నీ సారుకి చెప్పాను."

"మీకు షాపు పని వచ్చా?"

"చుట్టడం రాదు. లెక్కలొచ్చు. చిన్నప్పుడు నాన్న కింద నుంచి అంకెలు అరిచేవారు, నేను మెట్ల మీద కూర్చుని ఓములూ వాట్లూ చెప్పేదాన్ని. పలకా బలపం కూడా ఉండేవి కాదు."

"రెండు వందల పదహారు వోల్టులు, నాలుగున్నర ఆంపియర్లు."

"నలభై ఎనిమిది. తొమ్మిది వందల డెబ్బై రెండు," అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపు చెప్పేసింది. పక్కనున్న బావ ఇంకా కాలిక్యులేటర్ వెతుక్కుంటున్నాడు. నాకు ఆమె నచ్చింది.

"మరి ఈ బెంచి మీకెందుకు ఇవ్వలేదు?"

ఆమె మొగుడి వైపు చూసింది, తర్వాత గోడ వైపు. "ఆడపిల్లకి షాకు కొడుతుందన్నారు. మా చెల్లి మొగుడికి కొట్టదట. అతనికి భాగహారం కాగితం మీద వేసినా తప్పుతుంది." గొంతులో ఎక్కడా కోపం లేదు. ఎన్నోసార్లు లోపల చెప్పుకుని అరిగిపోయిన మాటలా ఉంది. "నాకు చెల్లెలంటే కుళ్లని అంటారు. అవును, కుళ్లే. అది అడక్కుండానే అన్నీ దాని ఒళ్లో పడతాయి."

ఈ మాటలు నావి. అక్క స్థానంలో ఉన్న మనిషి నోటి నుంచి వినడం కొత్తగా ఉంది.

మూడున్నరకి మూడు నిమిషాల ముందు, గదిలోని ట్యూబులైటు ఒకసారి గుడ్డిగా అయ్యి మళ్లీ నిలదొక్కుకుంది. పెద్దల్లుడు తల తిప్పకుండానే, "ఐసు ఫ్యాక్టరీ రెండో మిషను," అన్నాడు.

"రోజూనా?"

"రోజూనండి. రెండూముప్పావుకి మొదటిది, ఇప్పుడు రెండోది. ఐదున్నర దాకా మా లైనంతా నీరసమే."

"అయితే ఇప్పుడే పరీక్ష చేద్దాం," అన్నాను. "మొన్నటి ఆరు కాయిల్స్‌లో మొదటిది తెండి. మీరు కట్టండి. కానిస్టేబుల్‌గారు స్విచ్చి వేస్తారు."

పెద్దల్లుడు ప్లేయరుతో కొసలు వంచి, కాయిల్ కట్టి, వెనక్కి జరిగి చేతులెత్తాడు. కానిస్టేబుల్ స్విచ్చి వేశాడు. గుయ్‌మంది. రెండు సూదులూ లేచాయి. మెట్ల తలుపు దగ్గర నుంచున్న పెద్దకూతురు మునివేళ్ల మీద పైకి లేచి, మనుషుల భుజాల మధ్య నుంచి చూస్తూ, "కదిలింది," అంది మెల్లగా. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

"రెండు వందల ఏడు," చదివాను. "నాలుగున్నర. భాగించండి బావా."

ఈసారి కాలిక్యులేటర్ దొరికింది. ఆయన ముఖం విప్పారింది. "నలభై ఆరు. రిజిస్టర్లో ఎంతుంది? నలభై ఆరు. మరదలా, నీ పరీక్షే వీడిని నిర్దోషిని చేసింది. మా మామగారు నిన్ను చదివించిన ఖర్చు వృథా పోలేదు."

కానిస్టేబుల్ మళ్లీ నవ్వాడు. నేను తొందరపడలేదు. ఈ క్షణం కోసం కొన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

"రెసిస్టెన్సు ఎక్కడికి పోతుంది బావా? అది తీగ సొంతం. లైను నీరసించినా, బలిసినా తీగ మారదు. మారేది కరెంటు, దానితోపాటు పవరు. ఇప్పుడు ఇది తింటున్నది తొమ్మిది వందల ముప్పై ఒక్క వాట్లు. మొన్న ఇదే టైముకి పదకొండు వందల యాభై ఎలా తింది? రెండు వందల ముప్పై వోల్టులు ఎక్కడినుంచి వచ్చాయి?"

"మొన్న ఐసు ఫ్యాక్టరీ ఆగి ఉండొచ్చు. ఒకరోజు బాగానే వచ్చి ఉండొచ్చు."

అప్పుడు సంచిలోంచి ముందు బెంచి రిజిస్టరు తీశాను. తీసేటప్పుడు కొంచెం ఆలస్యంగానే తీశాను, ఒప్పుకుంటున్నాను. "మీరు వెతకని చోట దొరికింది. మొన్నటి తారీఖు. మీటరాయన రాసిన చివరి వరస. మూడూ పది. రెండు వందల ఆరు వోల్టులు. ఒకే ఇల్లు, ఒకే లైను. మూడూ పదికి ముందు బెంచి మీద రెండు వందల ఆరు ఉంటే, ఐదు నిమిషాల తర్వాత వెనక టేబులు మీద రెండు వందల ముప్పై ఉండదు. ఆరు కాయిల్స్‌కీ అదే రెండు వందల ముప్పై, సూదిని మేకుతో బిగించినట్టు. ఇవి సూది చూసి రాసిన అంకెలు కావు. కాయిల్ పెట్టె మీద రాసుండే వోల్టేజి పట్టుకుని, వెనక నుంచి లెక్కకట్టి పుట్టించినవి. నమ్మకం కుదరాలని అక్కడక్కడా కొంచెం పెంచి, కొంచెం తగ్గించారు. కాకిలెక్కలు. కాకపోతే చాలా తెలివైన కాకి."

పెద్దల్లుడు ముందుకొచ్చి వెనక గది రిజిస్టరు తీసుకున్నాడు. ఆ ఆరు వరసల మీద వేలు పెట్టి మెల్లగా జరుపుతూ చదివాడు. మొదటిసారి చూస్తున్నవాడిలా చదివాడు. తర్వాత పుస్తకం మూసేసి, "నేనే రాశానండి," అన్నాడు.

"ఆ టైములో ఎక్కడున్నావు?" బావ గొంతు మారిపోయింది.

"రెండున్నరకే బయటికెళ్లాను. పక్క వీధి షాపులో ఉద్యోగం అడగడానికి. నాలుగు దాకా అక్కడే ఉన్నాను, వాళ్లని అడగండి. ఇక్కడ నా తోడల్లుడి కింద పని చెయ్యడం నా వల్ల కాలేదు. మామయ్యకి తెలిస్తే సిగ్గుచేటని, ఉన్నట్టు రాశాను."

"ఉద్యోగం అడగడానికి గంటన్నర?" బావ అప్పటికే అతని భుజం మీద చెయ్యి వేశాడు. "తోడల్లుళ్లిద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. ఒకడు తీగ కోశాడు, ఒకడు సాక్ష్యం పుట్టించాడు. ఇద్దరినీ ఐదింటికి కోర్టులో నిలబెడతాను. మరదలా, మంచి పాయింటు పట్టావు. అక్కకి చెప్తాలే."

మంచి పాయింటు. అక్కకి చెప్తాడట. పుండు మీద కారం చల్లి, దాన్ని మందంటాడు.

అక్కడ నేనొక మాట చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. పన్నెండేళ్లుగా ఈ లైను మీద పనిచేసినవాడు, లైటు గుడ్డిదవగానే తల తిప్పకుండా ఏ మిషనో చెప్పగలిగినవాడు, మధ్యాహ్నం మూడున్నరకి రెండు వందల ముప్పై అని అబద్ధం రాయడు. అబద్ధం రాయాలన్నా వాడి చేతికి రెండు వందల ఐదే వస్తుంది. ఇది రాసింది లెక్క తెలిసి, సూది తెలియనివాళ్లు. ఇతను ఎవరినో కాస్తున్నాడు.

చెప్పలేదు. బావ తప్పు మనిషిని బోనులో నిలబెట్టి, ఫొటో దిగి, జడ్జి ముందు నోరు మెదపబోయేసరికి నేను వెళ్లి అసలు సంగతి చెప్పాలి. ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఆ ముఖం కోసం ఇద్దరు మనుషుల్ని ఒక గంట ఎక్కువ ఏడిపించడానికి నాకు మనసొప్పింది. ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి నా గురించి ఇంకోటి లేదు.

"మీరు పదండి బావా. కానిస్టేబుల్‌ని కూడా తీసుకెళ్లండి, ఇద్దరు ముద్దాయిలు కదా. నేను ఇంకో కాయిల్ చూసి, రిజిస్టర్లు పట్టుకుని ఐదులోపు వస్తాను," అన్నాను. నా గొంతులో అంత తీపి ఎప్పుడూ లేదు. ఆయనకి అనుమానం రాలేదు.

జీపు వెళ్లిపోయింది. మూడూ యాభై ఐదు.

నాకు మూడో కాయిల్ కావాలి. రిజిస్టరు ప్రకారం అది 46.9 ఓములు. రెసిస్టెన్సు తీగ సొంతం కాబట్టి, ఈరోజు కొలిచినా, లైను నీరసంగా ఉన్నా, 46.9 రావాలి. రాకపోతే అది ఎవరూ ఎప్పుడూ కొలవని కాయిల్. జడ్జికి అంతకంటే తేలికగా ఏదీ అర్థం కాదు.

"స్విచ్చి నేను వేస్తాను," అంది పెద్దకూతురు. మొగుడిని తీసుకెళ్లినా ఆమె కళ్లు తడవలేదు. "ఒకరు కట్టాలి, ఒకరు వెయ్యాలి కదా."

"మీరు కంగారుపడకండి. మీ ఆయన రాయలేదని నాకు తెలుసు," అన్నాను.

"తెలుసా?"

"తెలుసు." అప్పటికి తెలిసింది అంతే. ఎవరు రాశారో ఆలోచించడానికి నా బుర్రలో చోటు లేదు, నిండా బావ ముఖమే ఉంది.

డాక్టరు రిపోర్టులోని ఉంగరాలు ఎలా వస్తాయో ఒకసారి చేసి చూడాలనిపించింది. ప్లేయరు పక్కన పెట్టి, ఎడమ తీగ కొసని ఎడమ చూపుడువేలికి రెండు చుట్లు బిగించాను. రాగి లావుగా, మొండిగా ఉంది. ఎడమ చేత్తో కుడిదాన్ని కూడా చుట్టాను. రెండు వేళ్లూ పక్కపక్కన పెట్టి కొలత చూశాను. మీటరాయన చివరిసారి ఇలాగే నుంచుని ఉంటాడు. ఎదురుగా తెరిచిన వెనక గది రిజిస్టరు ఉంది. మూడో కాయిల్ వరస కోసం దాని మీదకి వంగాను.

అప్పుడు చూశాను, వరసల మధ్య ఖాళీని. పెద్దల్లుడి అసలు చేతిరాత రెండూ ఇరవైకి ఆగింది. దొంగ వరసలు మూడుంబావుకి మొదలయ్యాయి. మధ్యలో దాదాపు గంట, ఏమీ లేదు.

అతను షాపులో లేడని దాచడానికే రాసినవాళ్లయితే, అతను వెళ్లిన రెండున్నర నుంచి నింపాలి. ఇక్కడ నింపింది మూడూ పది తర్వాత. మీటరాయన మూడూ పది దాకా బతికే ఉన్నాడని చెప్పే పుస్తకం ఈరోజు దాకా వార్నిషు డబ్బాల వెనకుంది. డాక్టరు వచ్చింది సాయంత్రం ఆరింటికి, ఈ రిజిస్టరుని బావ పట్టుకుపోయింది ఐదింటికి. సరిగ్గా ఏ నిమిషాలకి సాక్ష్యం కావాలో ఆ టైముకి తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే ఉంటారు. కాలని కాయిల్ చప్పుడు పైనుంచి విన్నానని చెప్పిన మనిషి. లెక్క తెలుసు, సూది తెలియదు.

"కదలకండి," అంది ఆమె.

తల మాత్రం తిప్పాను. ఆమె గోడ దగ్గర, పెద్ద స్విచ్చి పిడి మీద చెయ్యి వేసి నుంచుంది. తొందర లేదు, వణుకు లేదు.

"మీ వేలు కదిలితే నా చెయ్యి కదులుతుంది. ఆ చుట్లు ఊడటానికి రెండు సెకన్లన్నా పడుతుంది, నాకు అంత అక్కర్లేదు."

"మీ ఆయన మీకోసం అబద్ధం చెప్పి జైలుకెళ్తున్నాడు."

"నేను ఆయన పరువు కాపాడటానికి రాశాననుకుంటున్నాడు, పిచ్చి మారాజు. ఆయన లేడని నాన్న పడ్డాక, వెనక గదిలోకి వెళ్తే తెలిసింది. పైన ఉండి చప్పుడు విన్నానన్న నా మాట నిలవాలని ఆ వరసలు రాశాను. అంతకుముందు, ఆయన వెనక గదిలో ఉండే ఉంటాడనుకునే, నాన్న దగ్గరికి వచ్చాను. ఒక్కసారి, ఒక్క కాయిల్ నన్ను పరీక్ష చెయ్యనివ్వమన్నాను. నలభై రెండేళ్లు నాకు. నాన్న తల కూడా ఎత్తలేదు. 'సూది నీకెందుకమ్మా, అంకెలు నేను చెప్తాగా,' అన్నారు. మీలాగే నుంచుని ఉన్నారు. రెండు చేతులకీ తీగలు."

"చేతులెత్తలేదు కదా."

"ఎత్తలేదు." ఆమె కళ్లు నా మీద లేవు, ఆంపు మీటరు మీద ఉన్నాయి. "స్విచ్చి వేసి నేను సూదినే చూశాను. కదులుతుందేమోనని. మనిషి ఒళ్లు వెయ్యి ఓములనుకోండి. రెండు వందల ఏడుని వెయ్యితో భాగిస్తే ఆంపియరులో అయిదో వంతు. ఆ మీటరుకి అదొక లెక్కే కాదు. నాన్న నేల మీద పడేదాకా చూశాను. సూది కదల్లేదు. వాట్లు కట్టినా నలభై మూడు రావు. చిన్న బల్బుకి కూడా చాలదు. అంత తక్కువ చాలునని నాకెవరూ చెప్పలేదు."

చెమట నా వేళ్ల మీదుగా రాగి తీగలోకి దిగుతోంది. చెమట పడితే వెయ్యి ఓములు కూడా ఉండవని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. లాకప్పులో చిన్నల్లుడున్నాడు, దారిలో పెద్దల్లుడున్నాడు. వాళ్లిద్దరూ చెయ్యలేదని తెలిసిన రెండో మనిషిని నేను. ఆ సంగతి నేను ఇంకెవరికీ చెప్పలేదు. పదిహేను నిమిషాల క్రితం ఒక్క మాట చెప్పి ఉంటే, తలుపు దగ్గర కానిస్టేబుల్ ఉండేవాడు, ఈ బెంచి దగ్గర బావ ఉండేవాడు.

ఆమె పిడి మీద వేళ్లు బిగించింది. "ఈసారి దగ్గరగా చూస్తాను," అంది.

ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా నేను ఆయన్ని ఏ సాయం అడగలేదు. మంచినీళ్లు కూడా అడగలేదు.

"బావా," అని అరిచాను, గొంతు చిరిగేలా. జీపు నేనే పంపేశానని అరిచాక గుర్తొచ్చింది.